మిగిలిన ఒక్క మాట

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఒక తిట్టు కాపురం పెట్టింది. దాని అద్దె మాత్రం మా అమ్మాయి కట్టింది.

మా ఆవిడ పక్షవాతంతో ఆసుపత్రిలో చేరి, కుడికాలు సగం, కుడిచెయ్యి పావు తిరిగి సంపాదించుకుని, మాట మొత్తంగా పోగొట్టుకుని ఇంటికి వచ్చింది. మెదడులో మాటలు కూర్చే చోటికి నెత్తురు అందలేదని డాక్టరు స్కాను ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించాడు. నాకు విప్పి చెప్పనక్కరలేకపోయింది. బతుకంతా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ మచ్చ ఎంత మేర పరుచుకుందో చూడగానే, ఇక ఈవిడ నన్ను కసరదని తెలిసిపోయింది.

కారు దిగి వాకిట్లో మెట్టు ఎక్కబోతూ ఆవిడ తూలింది. ఒక పక్క నేను, ఒక పక్క అమ్మాయి పట్టుకున్నాం. నిలదొక్కుకుని, ఆ మెట్టుకేసి చూసి, గంట కొట్టినంత స్పష్టంగా అంది:

"నీయబ్బ!"

అమ్మాయి చేతిలోని మందుల సంచి జారిపోయింది. మాట వచ్చిందన్న సంతోషమూ, వచ్చిన మాట ఇదా అన్న దిగ్భ్రమా ఆమె ముఖంలో ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

ఆ మాట రాయడానికి నాకు జంకు లేదు. పరీక్షగా చూస్తే అందులో నీ తండ్రి అన్న అర్థం తప్ప మరేమీ లేదు. వాక్యం కూడా పూర్తికాదు. తక్కిన భాగాన్ని విన్నవాళ్ళే మనసులో పూరించుకుని నొచ్చుకుంటారు. అయితే ఈ తర్కం మా ఆవిడ దగ్గర ఏనాడూ చెల్లలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి సూపర్వైజరుగా దిగిన మనిషి. ఆవిడ మర్యాద ఎలాంటిదో ఊరందరి చెవులకూ తెలుసు. ఒకసారి భోజనాల దగ్గర నా విద్యార్థి ఒకణ్ణి గాడిద అన్నానని కంచం ముందునుంచి లేచిపోయింది. గాడిద తెలివైన జంతువనీ, అది నింద కానేకాదనీ శాస్త్రప్రమాణాలు చూపించబోయాను.

"అయితే మిమ్మల్ని అననా?" అంది.

అటువంటి నోటికి ఇటువంటి మాట ఎలా పట్టుబడిందో అమ్మాయికి వివరించాను. నేర్చుకుని పేర్చుకునే మాటలది మెదడులో ఒక చోటు. తిట్లు, అంకెల వరస, చిన్ననాటి పాటలు, వీటి దారులు వేరు. "ఇల్లు కాలిపోయినా పెరట్లో పాతిపెట్టింది మిగులుతుంది చూడు, అలాగన్నమాట."

"అమ్మ పెరట్లో ఇది ఎవరు పాతిపెట్టారు నాన్నా?" అంది అమ్మాయి.

నేను మందుల చీటీ తీసి చదవడం మొదలుపెట్టాను.

మంచినీళ్ళు కావాలన్నా, కిటికీ తలుపు వేయమన్నా, దిండు ఎత్తుగా ఉందన్నా ఆవిడకు అదొక్కటే మాట. నేను తెచ్చిన కాఫీ చల్లారిపోతే ఒకలా, అమ్మాయి తల దువ్వితే ఒకలా అనేది. ఈ తేడాలు నా చెవిన పడకపోలేదు. ఊపిరి బలాన్ని బట్టి స్వరం మారుతుందని సమాధానపడ్డాను. మాటల టీచరమ్మ వారానికోసారి ఆసుపత్రి నుంచి వచ్చి, అద్దం ఎదుట పెట్టి, పెదవులు కదిలించడం నేర్పేది. ఆమెకు ఈ తిట్టు భలే ముద్దొచ్చింది. "రానివ్వండి సార్, రానివ్వండి. ఏదో ఒకటి వస్తేనే కదా ఇంకోటి వచ్చేది" అనేది.

చిక్కల్లా ముందు హాలుతో వచ్చింది.

ఆ హాలు అమ్మాయిది. ఉద్యోగాలకు పోయే తల్లిదండ్రులు పొద్దున పిల్లలను దింపి సాయంత్రం తీసుకుపోయే చిన్న బడి. అల్లుడు ఓడల మీద పనిచేస్తాడు, ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ మీదే. అందుకే మా దగ్గర ఉంటోంది. ఉన్న ఉద్యోగం మానుకుని, తనకంటూ ఒకటి ఉండాలని అమ్మాయి ఈ బడి పెట్టింది. పొట్టి బల్లలు, గోడవారన చెప్పుల అర, దాని మీద మూతలకు రంగు దారాలు కట్టిన నీళ్ళ సీసాల వరస, మూలన చెక్క దిమ్మల డ్రమ్ము. వేసవి సెలవులే దానికి పంటకాలం. అప్పుడు చేరిన పిల్లలే ఏడాదంతా నిలుస్తారు. ఆ హాలుకూ మా పడకగదికీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. మా ఆవిడ గొంతు దాన్ని లెక్కచేసేది కాదు.

మొదట వచ్చినవాడు మందుల షాపాయన. వాకిట్లో చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు.

"మాస్టారూ, మీ మీద గౌరవం కొద్దీ వచ్చాను. పాలు తాగమని బతిమాలుతుంటే మావాడు మా నాన్నగారిని పట్టుకుని నీయబ్బ అన్నాడు. అంటే లెక్క ఎక్కడికి పోయినట్టు? మా తాతగారి దాకా పోయింది! ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. పోయినాయన్ని కూడా వదల్లేదండీ!"

నాకు నవ్వొచ్చింది. అమ్మాయికి రాలేదు. ఆ వారంలోనే ఇద్దరు పిల్లలు మానేశారు. మూడో పాప తల్లి దంతవైద్యురాలు. ఆవిడ తిన్నగా అడిగేసింది: "మా పాపకి ముందు పళ్ళు రాలి కొత్తవి వస్తున్నాయి. మాటలు కుదురుకునే వయసు. ఇప్పుడు ఇవా నేర్చుకోవడం?"

సాయంత్రం పిల్లలు వెళ్ళాక అమ్మాయి బల్లలు తుడుస్తూ, నా వైపు చూడకుండా అంది: "పగలు అమ్మని వెనక గదిలో ఉంచుదాం నాన్నా. ఫ్యాను పెడదాం, తలుపు వేసుకుందాం."

"వెనక గది మధ్యాహ్నానికి పెనం అవుతుంది."

"నా పని ఇప్పటికే పెనం మీద ఉంది."

"తలుపులు వేసి దాచడానికి అదేమన్నా నేరమా? వాళ్ళందర్నీ ఒకసారి పిలువు. చదువుకున్నవాళ్ళేగా. నేను చెప్తాను."

"నీకు క్లాసు దొరికితే చాలు" అంది గాని, పిలిచింది.

తల్లిదండ్రులు ఆదివారం పొద్దున వచ్చి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆ పొట్టి కుర్చీల్లో సర్దుకున్నారు. పిల్లల పలక మీద మెదడు బొమ్మ గీశాను. చాలాకాలానికి చేతికి సుద్ద తగిలింది. నా గొంతు నాకే నచ్చింది. మాట వేరు, ప్రతిచర్య వేరు అని మొదలుపెట్టి, ఎన్నో ఏళ్ళుగా ప్రతి బ్యాచికీ చెప్పిన ఉదాహరణ తీశాను.

"చచ్చిన కప్ప కాలికి బ్యాటరీ తీగ ఆనిస్తే కాలు ఎగిరి తన్నుతుంది. కప్ప మనల్ని తన్నిందని మనం నొచ్చుకుంటామా? అందులో కప్ప ఉద్దేశం ఏముంది? మా ఆవిడ మాటా అంతే. అది మాట కాదు, నరం ఎగరడం. అందులో ఆవిడ లేదు."

హాలు తేలికపడింది. మందుల షాపాయన పకపకా నవ్వి, "కప్పతో కొట్టారు మాస్టారూ!" అన్నాడు. దంతవైద్యురాలు నొచ్చుకుని, "పాపం, ఆవిడకేం తెలుసు!" అంది. అందరూ ఆ మాటే అందుకున్నారు. పాపం, పాపం.

అప్పుడు చూశాను. మా ఆవిడ చేతికర్ర ఆనించుకుని పడకగది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. పాఠం బాగా కుదిరిందన్న ఉత్సాహంలో ఆవిడకేసి చూసి తల కూడా ఊపాను. ఆవిడ పలక మీది బొమ్మను కాసేపు చూసి, మెల్లగా తిరిగి, ఎవరి సాయమూ లేకుండా మంచం దాకా నడిచి వెళ్ళింది.

ఆ రోజునుంచి మా ఇంట్లో తిట్టు వినిపించలేదు.

మానేసిన పిల్లల్లో ఒకరు తిరిగి వచ్చారు. కొత్తవాళ్ళు చేరారు. అమ్మాయి ముఖం తెరిపిన పడింది. వెనక గది ఊసే ఎత్తలేదు, అవసరమేముంది? మా ఆవిడ నీళ్ళు కావాలంటే చెంచాతో గ్లాసు మీద కొట్టేది. మాటల టీచరమ్మ అద్దం పెడితే కళ్ళు మూసుకునేది. నేను మాత్రం కుదురుగా ఉండలేకపోయాను. పుస్తకాలన్నీ బీరువాలోంచి దించి మళ్ళీ ఎక్కించాను. చదివిన పేజీనే చదివేవాణ్ణి. ఎండ వాకిట్లోంచి హాల్లోకి, హాల్లోంచి గదిలోకి పాకుతుంటే దాని వెనకాలే నేనూ తిరిగేవాణ్ణి. ప్లైవుడ్ అవతల పిల్లల గోల, ఇవతల గ్లాసు మీద చెంచా.

ఒక మధ్యాహ్నం స్టీలు పళ్ళెం నా చేతిలోంచి జారి మంచం పక్కనే పెద్ద చప్పుడుతో పడింది. ఆవిడ ఉలిక్కిపడింది. మెడ నరాలు బిగిశాయి. మాట గొంతు దాకా వచ్చింది. పెదవులు గట్టిగా బిగించి, కళ్ళలో నీళ్ళు తిరిగేంత కష్టపడి, ఆవిడ దాన్ని మింగేసింది. కళ్ళారా చూశాను.

ఆ వారమే వాకిట్లో, "ఏం అక్కా, ఇంట్లో ఉన్నావా, ఇంకెక్కడికైనా కనెక్షన్ కలిపావా?" అని ఒక కేక వినబడింది. ఎక్స్ఛేంజిలో మా ఆవిడ పక్క సీటులో పనిచేసినావిడ. అక్కడ అందరూ ఈవిణ్ణి ట్రంకాల్ అని పిలిచేవారు. ఫోను లేకపోయినా పక్క ఊరికి వినపడే గొంతు. తెచ్చిన పళ్ళు బల్ల మీద కుమ్మరించి, మా ఆవిడ పక్కనే మంచం మీద చతికిలబడింది.

"ఏం బావగారూ, మా అక్క ఆస్పత్రి నుంచి తిట్టుకుంటూ వచ్చిందట. నేను వచ్చేసరికి ఈ మౌనవ్రతం ఏమిటి?"

జరిగింది చెప్పాను. కప్ప సంగతి కూడా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"అదా సంగతి. మీకు తెలీదా?"

"ఏం తెలియాలి?"

"లైను కలవకపోతే ఎవడు పడితే వాడు మమ్మల్ని తిట్టేవాడు బావగారూ. ఆడగొంతు దొరికితే చాలు, అమ్మనీ అక్కనీ ఏకరువు పెట్టేవారు. తిరిగి ఒక్క మాట అంటే ఉద్యోగం ఊడుతుంది. 'దయచేసి లైనులో ఉండండి' అనాలి, అంతే. కొత్తలో నేను బాత్రూములోకి పోయి ఏడ్చేదాన్ని. అప్పుడు అక్కే నేర్పింది నాకు. ఆ మర్యాద మాట తేనెలా అనేసి, మన గొంతు అవతలికి పోకుండా బోర్డు మీది కీ మూసి, అప్పుడు అనేది."

"ఏమని?"

"అదే! నవ్వు మొహంతో, హాయిగా, నీయబ్బ అనేది. మా వరసంతా విరగబడి నవ్వేవాళ్ళం. ఒక్కో ఫోనుకి ఒక్కో రకంగా అనేది. తాగుబోతుకి ఒకటి, ఆఫీసరుకి ఒకటి. చావు కబురు చెప్పడానికి లైను దొరక్క తిట్టినవాడు ఒకడుండేవాడు చూడండి, వాడికి అన్నప్పుడు మాత్రం ఏడుపొచ్చేది మాకు."

మా పెళ్ళయి ఎన్నో ఏళ్ళు. నేను వినని మాట అది.

"ఇంట్లో ఏనాడూ..." అన్నాను.

"ఇంట్లో మూసుకోవడానికి కీ ఏదీ బావగారూ?"

మా ఆవిడ పెదవుల కొస వణికింది. నవ్వుతుందనుకున్నాను. నా వైపు ఒకసారి చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

పరికల్పన తప్పని తేల్చడానికి ఒక్క విరుద్ధ సాక్ష్యం చాలునని జీవితమంతా పాఠం చెప్పాను. తుమ్మును క్షణం ఆపవచ్చు. ఎక్కిళ్ళను ఊపిరి బిగబట్టి కాసేపు ఆపవచ్చు. కప్ప కాలు తన్నకుండా ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు. వారాల తరబడి ఆపగలుగుతున్నదంటే అది నరం ఎగరడం కాదు. ఆపే మనిషి లోపల ఉంది. ఇన్నాళ్ళూ అన్నదీ ఆవిడే.

మాటల టీచరమ్మ తన అద్దం సర్దుకుంటూ చెప్పిన సంగతి ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. "ఆ ఒక్కటీ వస్తుంటే దాన్ని పట్టుకుని మిగతావి లాగుదామనుకున్నాను సార్. ఇప్పుడు ఆవిడ గొంతే విప్పట్లేదు. మొదటి నెలలే ముఖ్యం. ఇవి పోతే ఇంక నేనేం చెయ్యలేను."

అమ్మాయితో చెప్పాను. ఆమె పిల్లల రంగు పెన్సిళ్ళు చెక్కుతోంది.

"అంటే అమ్మ తెలిసే తిడుతోందా?"

"తెలిసే."

"మరి కప్ప అన్నావుగా?"

"కప్ప విషయంలో అది నిజమే."

పెన్సిలు ముక్కు విరిగింది. "రెండూ నువ్వే చెప్తావు నాన్నా. నువ్వు తప్పని చెప్పుకుంటే నీకు పోయేదేం లేదు, పెద్దమనిషివంటారు. మునిగేది నేను. ఇప్పుడిప్పుడే పిల్లలు నిండారు. జబ్బంటే జాలిపడి ఊరుకున్నారు. కావాలనే అంటోందంటే ఎవరు పంపిస్తారు?"

"అయితే అమ్మ అలా నోరు మూసుకునే ఉండాలా?"

"నేనన్నానా? నేను వెనక గదే అన్నాను. అక్కడ నోరైనా ఉండేది. ఆ నోరు తీసేసింది నువ్వు."

నాలుగు రోజులు గింజుకున్నాను. ఒకరికి నిజం చెప్తే ఇంకొకరి అన్నం పోతుంది. తూకం వేయడానికి నాకు తెలిసిన త్రాసుల్లో ఏదీ పనికిరాలేదు.

చివరికి నేను నిర్ణయించిందేమీ లేదు. ఒక పొద్దున మా ఆవిడను గాలికని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టాను. మందుల షాపాయన కొడుకును దింపడానికి వచ్చాడు. మంచివాడే, మనసు మెత్తన. ఆవిడ ముందు వంగి, పిల్లలతో మాట్లాడే గొంతుతో అన్నాడు: "పెద్దమ్మగారు ఇప్పుడు బుద్ధిమంతులైపోయారే! చెడ్డ మాటలు అస్సల్లేవు. వెరీ గుడ్!" జేబులోంచి చాక్లెట్ తీసి ఆవిడ ఎడమచేతిలో పెట్టాడు. గేటు దగ్గరున్న తల్లులు ముచ్చటగా నవ్వారు.

ఆవిడ ఆ చాక్లెట్‌కేసి చూసింది. తల ఎత్తలేదు.

"అది జబ్బు కాదండీ" అన్నాను.

"ఏది మాస్టారూ?"

"ఆ మాట. నేను ఆవేళ మీకు తప్పు చెప్పాను. ఆవిడ తెలిసే అంటుంది."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. హాలు గుమ్మంలో అమ్మాయి కనబడింది. ఆగమన్నట్టు చెయ్యి సగం ఎత్తింది.

"అంటే మమ్మల్ని తిట్టినట్టేనా?"

"అన్నిసార్లూ కాదు. కొన్నిసార్లు."

"ఎప్పుడెప్పుడు?"

"ఇప్పుడైతే తప్పకుండా అనేది" అన్నాను.

మా ఆవిడ తల ఎత్తి నన్ను చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ నన్ను అంతసేపు చూడడం అదే మొదటిసారి. తరవాత ఆయన చెయ్యి పట్టుకుని, చాక్లెట్ అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసి, ఎంతో మర్యాదగా, దయచేసి లైనులో ఉండండి అన్నంత తియ్యగా, ఆ మాట అంది.

సగం హాలు ఆ వారంలోనే ఖాళీ అయింది. దంతవైద్యురాలు మాత్రం పాపను వెంటనే మాన్పించలేదు. నెలాఖరుదాకా చూస్తానంది, ఆ తరవాత మాన్పించింది. చెప్పుల అరలో పై వరస ఒట్టిగా ఉండిపోయింది. అమ్మాయి నాతో మాట్లాడడం మానేసింది. చెప్పాల్సినవి గోడకు చెప్పేది: "కాఫీ బల్ల మీదుంది." "కరెంటు బిల్లు కట్టాలి." సాయంత్రాలు పై తరగతుల పిల్లలకు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. చెమటతో వచ్చి, చెప్పులు విసిరి, వాళ్ళమ్మ మంచం మీద అడ్డంగా పడేది. మా ఆవిడ ఎడమచెయ్యి ఆమె తల మీద వేసి, ఆ మాటనే గాలిలాగా, వినీవినబడకుండా అనేది. అమ్మాయి ఒక్కోసారి "ఊఁ" అనేది. ఒక్కోసారి చెయ్యి విదిలించి అటు తిరిగేది. నేను గుమ్మంలో నిలబడి, లోపలికి వెళ్ళడమా మానడమా అని తేల్చుకోలేక, మళ్ళీ వాకిట్లోకి వచ్చేసేవాణ్ణి.

మాటల టీచరమ్మ అద్దం మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఎండలు తగ్గుముఖం పట్టే ముందు ఒక రోజు మా ఆవిడ "నీ" దగ్గర ఆగి, తంటాలు పడి, "నీళ్ళు" అంది. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. ఇది ఆ మాట వల్లనే వచ్చిందా, కాలం గడిచాక ఎలాగూ వచ్చేదా అన్నది ఒక్క రోగిని చూసి చెప్పగలిగే విషయం కాదు. నేనైతే చెప్పను.

మొదటి వాన కురిసిన పొద్దున ఒక కొత్తావిడ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పక్క వీధిలోకి కొత్తగా దిగారట. గొడుగు మడిచి వాకిట్లో నిలబడి వేళలవీ అడిగింది. అమ్మాయి అన్నీ చెప్పింది.

"ఇంకోటి ఉందండి. ఇంట్లో మా అమ్మ ఉంటుంది. మాట పడిపోయింది. ఇప్పుడిప్పుడే ఒకటీ అరా వస్తున్నాయి. ఎక్కువ వచ్చేది మాత్రం ఒక్కటే. వినడానికి బాగుండదు. మీ పాప నేర్చుకుంటుంది, మీ ఇంట్లో అంటుంది. ముందే చెప్తున్నాను."

"అయ్యో, జబ్బు కదా పాపం. తెలీక అంటారు" అంది కొత్తావిడ.

అమ్మాయి నావైపు చూసింది. నేను తడిసిన పత్రిక ఆరబెడుతూ తల వంచుకున్నాను.

"కాదండి" అంది అమ్మాయి. "తెలిసే అంటుంది."

కొత్తావిడ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా ఆయన్ని అడిగి చెప్తాను" అని గొడుగు విప్పి, గేటు దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, ఎటూ తేల్చుకోలేక, వానలోనే వెనక్కి వచ్చింది.

"ఇంతకీ ఏమంటారో చెప్పండి. ఆయన అడుగుతారు కదా."

చెప్పకుండా తప్పించుకోవడానికి అమ్మాయికి ఎన్ని దారులున్నాయో నాకు తెలుసు. మా ఇంట్లో పెరిగిన పిల్ల. గాడిద అన్నందుకు తల్లి భోజనం మానేస్తే చూసిన పిల్ల. ఆ దారుల్లో ఒక్కటీ పట్టలేదు. గుమ్మంలో నిటారుగా నిలబడి, నా ఎదుటే, మొహమాటం లేకుండా, వాన చప్పుడులో కూడా వీధికి వినబడేలా ఆ మాట అంది.